మాస్కుల ఇండెంటు మీద సంతకం పెట్టే పెద్దలకు

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కమిషనర్ గారికి, ఆసుపత్రుల కొనుగోలు కమిటీల సభ్యులకు, పోర్టులోనూ ఫ్యాక్టరీల్లోనూ మనుషులను పనిలో పెట్టే కాంట్రాక్టర్లకు,

నమస్కారం.

మీలో ఎవరు సంతకం పెట్టినా ఇండెంటులో, అంటే కావాల్సిన సరుకు రాసిచ్చే కాగితంలో, మాస్కుల వరుస దాదాపు ఒకేలా ఉంటుంది: "ఫేస్ మాస్కులు, డిస్పోజబుల్, మూడు పొరలవి, ఇన్ని వేలు." పక్కన ధర. కొటేషన్లు వస్తాయి, తక్కువ రాసినవాడికి ఆర్డరు వెళ్తుంది, పెట్టెలు దిగుతాయి, స్టోర్స్ రిజిస్టరులో ఎక్కుతాయి. ఆ మాస్క్ ఏం ఆపుతుంది, ఏం ఆపదు అన్న ప్రశ్న ఈ దారిలో ఎక్కడా ఎవరికీ ఎదురు కాదు. చివరికి ఆ ప్రశ్న ఎదురయ్యేది దాన్ని ముక్కుకు కట్టుకున్న మనిషి ఊపిరితిత్తులకే.

నేను అడిగేది ఒక్కటే. ఆ వరుసలో ప్రమాణం నంబరు రాయండి, తరగతి రాయండి, ఏ పని చేసేవారి కోసమో రాయండి. సరుకు దిగాక, రాసినదే వచ్చిందో లేదో చూడండి. ఈ లేఖలో మిగతాదంతా దానికి కారణాలే.

నేను ఒక కర్మాగారంలో భద్రతా విభాగంలో పనిచేసి రిటైరై గాజువాకలో ఉంటున్నాను. స్టోర్స్‌కి వచ్చిన మాస్కుల పెట్టెలు విప్పి చూడటం, వాటిని మనుషులకు తొడిగించడం నా ఉద్యోగంలో భాగం. ఎవరినో నిందించడానికి ఇది రాయడం లేదు. కొనేవారిలో ఎక్కువమంది మంచి మనసుతోనే కొంటారు. వారికి ఏం అడగాలో ఎవరూ చెప్పకపోవడమే నేను చూసిన లోపం.

ముందు తెలియాల్సింది, మనం మాస్క్ అని ఒకే పేరుతో పిలిచేవి రెండు వేర్వేరు వస్తువులని. మొదటిది సర్జికల్ మాస్క్. ఆపరేషన్ చేసే డాక్టరు నోటి తుంపరలు రోగి గాయం మీద పడకూడదని పుట్టింది. రక్తం చిమ్మితే డాక్టరు నోటి మీద పడకుండా కూడా కొంత కాస్తుంది. ముఖం మీద వదులుగా ఉంటుంది, బుగ్గల పక్క నుంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. రెండోది రెస్పిరేటర్. ఎన్95, ఎఫ్‌ఎఫ్‌పీ2 అని మనం వింటున్నవి ఇవే. అంచులన్నీ ముఖానికి అతుక్కుని, పీల్చే గాలి మొత్తం ఆ గుడ్డలోంచే రావాలన్నది దాని రూపకల్పన. తొడుక్కున్న మనిషిని కాపాడటం దాని పని.

క్షయ వార్డులో ఈ తేడా ప్రాణం మీది విషయం. రోగికి సర్జికల్ మాస్క్ ఇస్తే చాలు, దగ్గినప్పుడు తుంపరలు చాలావరకు అక్కడే ఆగుతాయి. ఆ గదిలో పనిచేసేవాళ్లకు మాత్రం ఎన్95 కావాలి, ఎందుకంటే క్షయ క్రిములను మోసే 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలు రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా చాలాసేపు గాలిలో తేలుతూనే ఉంటాయి. నేను చూసిన ఒక ఆసుపత్రిలో పంపకం హోదాను బట్టి జరిగేది. డాక్టర్లకు ఎన్95, నర్సులకు ఉంటే ఎన్95 లేకపోతే సర్జికల్, నేల తుడిచే ఆయమ్మకు దొరికిందేదో ఒకటి. రోజులో ఎక్కువసేపు ఆ గదుల్లో ఉండేది ఆయమ్మే. మంచం కింద వంగి తుడిచేదీ, కఫం పాత్రలు ఎత్తేదీ ఆమే. ఎవరు ఏ గాలి పీలుస్తున్నారో చూసి పంచాల్సిన వస్తువును జీతాల పట్టిక చూసి పంచుతున్నాం. కొనుగోలు కమిటీల్లో ఉన్న వైద్యులను ఈ ఒక్క సంగతి గురించి ప్రత్యేకంగా వేడుకుంటున్నాను.

ఇక పొరల సంగతి. మూడు పొరలంటే మూడు రెట్లు రక్షణ అని మనలో నాటుకుపోయింది. 2020 మార్చిలో కేంద్రం మాస్కులను నిత్యావసర వస్తువుల జాబితాలో చేర్చి, రెండు పొరల మాస్కుకు 8 రూపాయలు, మూడు పొరల దానికి 10 రూపాయలు గరిష్ఠ ధర కట్టింది. ఆ కరువు రోజుల్లో అది అవసరమే. కానీ అప్పటి నుంచి బజారులో పొరల లెక్క ఒక్కటే మిగిలింది. నిజానికి సర్జికల్ మాస్కులో బయటి పొర, లోపలి పొర కేవలం కాపు కాయడానికి. వాటిని స్పన్‌బాండ్ అంటారు, చౌకబారు క్యారీ సంచులకు వాడే గుడ్డ రకమే. వడపోత పని చేసేది మధ్యలోని పలుచటి తెల్లటి పొర, మెల్ట్‌బ్లోన్. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి వేడిగాలితో ఊదితే మైక్రాన్ల మందం పోగులుగా పరుచుకుంటుంది. ఆ మధ్య పొర బదులు ఇంకో స్పన్‌బాండ్ ముక్క పెట్టి కుట్టినా పొరలు మూడే. చూడటానికి తేడా తెలియదు. ధరలో తెలుస్తుంది, ఊపిరితిత్తుల్లో తెలుస్తుంది.

ఆ పోగుల మధ్య సందులు మనం ఆపాలనుకునే చాలా రేణువుల కన్నా పెద్దవి. అయినా రేణువులు ఆగడానికి ఒక కారణం, తయారీలో ఆ పోగులకు స్థిర విద్యుదావేశం ఎక్కించడం. పొడి జుట్టులో దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాక్కున్నట్టు, ఆ పోగులు దుమ్మును లాక్కుని పట్టుకుంటాయి. అమెరికాలో స్థిరపడిన తైవాన్ శాస్త్రవేత్త పీటర్ సై పేరు ఈ పద్ధతితోనే ముడిపడి ఉంది. ఆవేశం ఉండబట్టే పలుచటి పొరతోనే ఎక్కువ వడపోత, ఊపిరికి తక్కువ ఇబ్బంది సాధ్యమవుతున్నాయి. అందుకే డిస్పోజబుల్ మాస్కును సబ్బుతో ఉతికినా, స్పిరిట్ చల్లి తుడిచినా పాడైపోతుంది. ముఖ్యంగా స్పిరిట్ ఆ ఆవేశాన్ని పోగొడుతుంది. మాస్క్ పైకి శుభ్రంగా, కొత్తదానిలాగే కనబడుతుంది. వాడినవాటిని ఉతికి ఆరేసి మళ్లీ పంచే కాంట్రాక్టరు తాను పొదుపు చేస్తున్నాననే అనుకుంటాడు. అతను పంచేది అప్పటికి ఉత్త గుడ్డ.

వాట్సాప్‌లో తిరిగే పరీక్షల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మాస్కులో నీళ్లు పోసి కారకపోతే అసలైనదని చూపిస్తారు. స్పన్‌బాండ్ గుడ్డ దానంతట అదే నీటిని నిలుపుతుంది, మధ్య పొర లేని మాస్క్ కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. కొవ్వొత్తి ఊదడం, అగ్గిపుల్ల అంటించడం లాంటివి కూడా వడపోత ఎంతో చెప్పలేవు. ఒక స్టోర్స్ అధికారి సరఫరాదారు చేసిన నీళ్ల ప్రదర్శన చూసి లాట్ మొత్తం ఆమోదించడం నేను కళ్లారా చూశాను. వడపోతను కొలిచేది ప్రయోగశాలే.

సర్జికల్ మాస్కులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 16289. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) దీన్ని 2014లో తెచ్చింది. ఇందులో మూడు తరగతులు ఉన్నాయి. మొదటి తరగతి బ్యాక్టీరియా వడపోతలో కనీసం 95 శాతం చూపించాలి, రెండు, మూడు తరగతులు 98 శాతం. మూడో తరగతి అదనంగా రక్తం లాంటి ద్రవం వేగంగా చిమ్మినా లోపలికి దిగనివ్వకూడదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14683 కూడా ఇదే తీరు: టైప్ 1, టైప్ 2, చిమ్మే ద్రవాన్ని ఆపే టైప్ 2ఆర్. అమెరికా వాళ్ల ఏఎస్‌టీఎం ఎఫ్2100లో లెవెల్ 1, 2, 3 ఉంటాయి, ద్రవాన్ని తట్టుకునే ఒత్తిడి వరుసగా 80, 120, 160 మిల్లీమీటర్ల పాదరసం. ఊపిరికి ఎంత అడ్డు పడుతుందో కూడా ఇవన్నీ కొలుస్తాయి. ఎంత వడగట్టినా మనిషి పీల్చుకోలేని మాస్క్ పది నిమిషాల్లో గడ్డం కిందికి దిగిపోతుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

ఈ బ్యాక్టీరియా వడపోత అంకె దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది, కొంత తెలిసి, కొంత తెలియక. ఆ పరీక్షలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని సగటున 3 మైక్రాన్ల తుంపరగా చేసి గుడ్డ మీదికి పంపి, అవతలికి ఎంత దాటిందో లెక్కపెడతారు. ఎన్95 పరీక్షలో ఉప్పు కణాలు సుమారు 0.3 మైక్రాన్లవి. అంటే పదో వంతు సైజు. పైగా నిమిషానికి 85 లీటర్ల గాలి, కష్టపడి పనిచేసే మనిషి పీల్చే వేగం. 0.3 చుట్టూ ఉన్న రేణువులనే ఎందుకు ఎంచుకున్నారంటే, వాటిని పట్టుకోవడం కష్టం. అంతకన్నా పెద్దవి తమ బరువుతోనే పోగులకు గుద్దుకుంటాయి, బాగా చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తడబడుతూ పోగులకు తగులుతాయి. మధ్యలోవి రెండు రకాలుగానూ తప్పించుకుంటాయి. కాబట్టి డబ్బా మీద "98 శాతం వడపోత" అని ఉన్న సర్జికల్ మాస్క్ 95 శాతం అని ఉన్న ఎన్95 కన్నా మేలని ఎవరైనా చెబితే, ఏ రేణువు మీద 98 అని అడగండి. ఆ 98 కూడా గుడ్డ ముక్క లెక్కే. బుగ్గల పక్క నుంచి వచ్చే గాలిని ఆ పరీక్ష చూడదు.

రెస్పిరేటర్లకు మన ప్రమాణం ఐఎస్ 9473, 2002లో వచ్చింది. ఐరోపా ఈఎన్ 149కి దగ్గరిది, తరగతులు ఎఫ్‌ఎఫ్‌పీ1, ఎఫ్‌ఎఫ్‌పీ2, ఎఫ్‌ఎఫ్‌పీ3. ఈఎన్ 149 ప్రకారం వీటి గుడ్డ వడపోత వరుసగా 80, 94, 99 శాతం. నాకు నచ్చేదేమిటంటే, ఆ ప్రమాణం అక్కడితో ఆగకుండా మనుషులకు తొడిగి, నడిపించి, మాట్లాడించి, లోపలికి మొత్తం ఎంత కారుతోందో కూడా కొలుస్తుంది. సగటున 22, 8, 2 శాతం మించకూడదు. అమెరికా ఎన్95 ఆమోదంలో ఈ కారుదల పరీక్ష లేదు. దాన్ని వాళ్లు యజమాని మీద పెట్టారు: గట్టిగా అతికే రెస్పిరేటర్ ఇచ్చే ప్రతి మనిషికీ ఏటా ఫిట్ టెస్ట్ చేయించాలి. చైనా వాళ్ల కేఎన్95 జీబీ 2626 ప్రకారం చేసినది, వడపోత పరీక్ష వరకు ఎన్95కి దగ్గరే.

ఆ ఫిట్ టెస్ట్ పెద్ద ఖర్చేమీ కాదు. తలకు ఒక తొడుగు వేసి, లోపల శాకరిన్ ద్రావణం పిచికారీ చేస్తారు. మాస్క్ ఉండగా నాలుకకు తీపి తగిలితే గాలి కారుతున్నట్టే, ఇంకో సైజు ఇవ్వాలి. చేదు ద్రావణంతోనూ చేయవచ్చు. మన దగ్గర వందల మందికి ఒకే సైజు కొంటాం, చిన్న ముఖం ఉన్న ఆడవాళ్లకు బుగ్గల దగ్గర వేలు దూరేంత సందు ఉంటుంది. అలాంటి సందు ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ3 కన్నా సరిగ్గా అతికిన ఎఫ్‌ఎఫ్‌పీ2 మేలు. గడ్డం ఉన్నవారికి ఏ అతికే రెస్పిరేటరూ పూర్తిగా అతకదు, అది వారికి ముందే మర్యాదగా చెప్పాలి. మొక్కు కోసమో మతం కోసమో గడ్డం పెంచినవారు ఉంటారు, వారిని వేరే పనికి మార్చాలి, లేదా తల మొత్తం కప్పి లోపలికి గాలిని పంపించే హుడ్ ఇవ్వాలి.

చెవులకు తగిలించే ఎలాస్టిక్ గురించి ఒక మాట. కార్మికుల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ ఆమోదించిన ఎన్95లకు తల చుట్టూ తిరిగే రెండు పట్టీలు ఉంటాయి, చెవి తాళ్లు ఉండవు. దాని మీద తయారీదారు పేరు, మోడల్ నంబరు, లాట్ నంబరు, టీసీ-84ఏతో మొదలయ్యే ఆమోద సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను నియోష్ ప్రచురించే జాబితాలో ఎవరైనా చూడవచ్చు. చెవి తాళ్లు ఉండి "నియోష్ ఎన్95" అని ఉన్నా, పిల్లల ఎన్95 అని ఉన్నా అది నకిలీయే. పిల్లలకు నియోష్ ఆమోదం ఇవ్వదు. మన ఐఎస్‌ఐ గుర్తు ఉంటే దాని పైన ఐఎస్ 9473 అని, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో, చెల్లుతోందో లేదో వచ్చేస్తుంది. స్టోర్స్ గుమాస్తా ఫోనులో రెండు నిమిషాల పని. ఇంత తేలికైన తనిఖీ చేతిలో ఉండి కూడా చేయకపోవడం నన్ను బాధపెడుతుంది.

సరఫరాదారులు ఫైలుకు జతచేసే కాగితాలను కూడా చదవాలి. ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ ఫ్యాక్టరీ నిర్వహణ పద్ధతికి ఇచ్చేది, మాస్క్ వడపోతకు కాదు. ఐఎస్ఓ 13485 వైద్య పరికరాల తయారీ పద్ధతికి ఇచ్చేది, అదీ అంతే. "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అంటే అమెరికా ఆహార, ఔషధ సంస్థ దగ్గర కంపెనీ పేరు నమోదైందని అర్థం, వస్తువును ఎవరో పరీక్షించి ఒప్పుకున్నారని కాదు. ఐరోపా నిబంధనలకు లోబడిందని చెప్పే సీఈ గుర్తు విషయంలో తేడా ఇంకా సూక్ష్మం. స్టెరైల్ (క్రిమిరహితం) చేయని సర్జికల్ మాస్కుకు తయారీదారు తానే ప్రకటించుకుని సీఈ వేసుకోవచ్చు, పక్కన అంకెలు ఉండవు. ఎఫ్‌ఎఫ్‌పీ2 లాంటి రెస్పిరేటర్‌కు మాత్రం సీఈ పక్కన నాలుగు అంకెలు తప్పనిసరి, తనిఖీ చేసిన సంస్థ సంఖ్య అది. నాలుగు అంకెలు లేని సీఈతో ఎఫ్‌ఎఫ్‌పీ2 వస్తే పెట్టె వెనక్కి పంపండి. ఇక ప్రయోగశాల నివేదిక ఉంటే మూడు చూడండి: పరీక్షించిన మోడల్ మీకు వచ్చిన మోడలేనా, తేదీ ఎప్పటిది, ఆ ప్రయోగశాలకు ఆ పరీక్షకు, ప్రయోగశాలల సామర్థ్యాన్ని పరిశీలించే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా. ఏళ్ల నాటి ఒకే నివేదికను జిరాక్సు మీద జిరాక్సు తీసి ప్రతి టెండరుకూ జతచేయడం నాకు బాగా తెలిసిన అలవాటు. అక్షరాలు అలుక్కుపోయిన ఆ కాగితాన్ని ఎవరూ చదవరన్న నమ్మకంతోనే జతచేస్తారు.

వాల్వు ఉన్న మాస్కుల గురించి మన ఊళ్లో అయోమయం ఉంది. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వాల్వు ఉన్న ఎన్95లు వద్దని రాష్ట్రాలకు రాసింది. వాల్వు గుండా వదిలిన ఊపిరి వడపోత లేకుండా బయటికి వెళ్తుంది, కోవిడ్ ఉన్న మనిషి తొడుక్కుంటే పక్కవాళ్లకు రక్షణ లేదు. ఆ సలహా అంటువ్యాధి గురించి. దుమ్ములో పనిచేసే మనిషికి వాల్వు నిజంగా మేలు చేస్తుంది. మే నెలలో సముద్రపు తేమలో, చెమట కారుతూ బొగ్గు కుప్పల దగ్గర నిలబడే కూలీకి వాల్వు లేని మాస్క్ లోపల వేడి, తడి పేరుకుపోతాయి. ఆసుపత్రి కోసం చెప్పిన మాటను యార్డుకు అంటగట్టి, వాల్వు మాస్కులు ఆపేసిన చోట్లు ఉన్నాయి. పని రకాన్ని ఇండెంటులో రాయమనేది ఇందుకే.

మన ఊరి పనుల దగ్గరికి వస్తాను. తెల్లవారకముందే బీచ్ రోడ్డు, ఆశీల్‌మెట్ట, పూర్ణా మార్కెట్ ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు ఇచ్చేది ఎక్కువగా గుడ్డ మాస్కో సర్జికల్ మాస్కో. పోర్టు చుట్టుపక్కల జ్ఞానాపురం, వన్‌టౌన్ వాళ్లు బొగ్గు దుమ్ము గురించి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఉంది. 10 మైక్రాన్ల లోపు దుమ్ముకు (పీఎం10) రోజువారీ పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, 2.5 మైక్రాన్ల లోపు దుమ్ముకు (పీఎం2.5) 60. ఆ పరిమితులు ఊళ్లో తిరిగే గాలికి. చీపురు ఎత్తినప్పుడు ముక్కు ముందు లేచే దుమ్ము వేరే లెక్క. బొగ్గు దించే చోట పనిచేసే ఒకాయన నాతో అన్న మాట: "కట్టుకున్నా కళ్లె నల్లగానే వత్తంది బాబూ, ఇంకెందుకు కట్టుకోవడం." ఆయనకు ఇచ్చింది సర్జికల్ మాస్క్. ఆయన నిర్లక్ష్యం చేస్తున్నాడని సూపర్‌వైజర్ ఫిర్యాదు. నాకు మాత్రం ఆ కూలీయే సరిగ్గా పరీక్ష చేసి ఫలితం చెప్పాడనిపించింది.

రాళ్లు కోసేచోట, క్రషర్ల దగ్గర, కాంక్రీటు పగలగొట్టేచోట సిలికా దుమ్ము ఉంటుంది. ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టమే దాన్ని ప్రకటిత వ్యాధిగా, అంటే ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా పెట్టింది. అక్కడ కనీసం ఎఫ్‌ఎఫ్‌పీ2, ఎక్కువ దుమ్ము ఉంటే ఎఫ్‌ఎఫ్‌పీ3 ఇవ్వాలి. అంతకన్నా ముందు నీళ్లు చల్లి దుమ్ము లేవకుండా చేయాలి, యంత్రం దగ్గరే పీల్చేయాలి. మాస్క్ ఆఖరి అడ్డుగోడ. మొదటివన్నీ వదిలేసి దాని మీదే భారం వేయడం తప్పు. నూనె తుంపర ఉండే వర్క్‌షాపులకు ఎన్ రకం పనికిరాదు, ఎన్ అంటేనే నూనెను తట్టుకోనిదని గుర్తు. అక్కడ ఆర్ లేదా పీ రకం అడగాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది గ్యాసుల గురించి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి జనం మీద పడి, అధికారిక లెక్కలో 12 మంది చనిపోయారు. కోవిడ్ రోజులు కాబట్టి చాలామంది దగ్గర మాస్కులు ఉన్నాయి. ఆవిరి ముందు ఆ మాస్కులు ఎందుకూ పనికిరావు. సర్జికల్ అయినా ఎన్95 అయినా ఆపేది రేణువులను, తుంపరలను మాత్రమే. ఆవిరి అణువులు ఆ గుడ్డలోంచి అడ్డు లేకుండా వెళ్లిపోతాయి. వాటికి కర్బనం నింపిన క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, ఏ గ్యాసుకు ఏ క్యాట్రిడ్జో రంగు పట్టీ చెబుతుంది: సేంద్రియ ఆవిరులకు గోధుమ రంగు, అమ్మోనియాకు ఆకుపచ్చ. గ్యాసు దట్టంగా ఉన్నా, ఆక్సిజన్ తక్కువైనా క్యాట్రిడ్జ్ కూడా చాలదు, సిలిండరు గాలి తప్ప మార్గం లేదు. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా లైన్లు ఉంటాయి. పరవాడ వైపు ఫార్మా యూనిట్లలో ద్రావకాల ఆవిరులు ఉంటాయి. అక్కడ "మాస్కులు ఇచ్చాం" అని రిజిస్టరులో సంతకాలు తీసుకుని, చేతికి ఎన్95 పెడితే, ఆ మనిషికి లేని ధైర్యం ఇచ్చి లోపలికి పంపినట్టు. మాస్క్ లేకపోతే వెనక్కి అడుగు వేసేవాడు, ఉందన్న నమ్మకంతో ముందుకు వేస్తాడు.

2020 ఏప్రిల్‌లో అప్పటి మన జిల్లాలోని నర్సీపట్నం ఆసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్, ఎన్95 మాస్కులు చాలినన్ని ఇవ్వడం లేదని కెమెరాల ముందు చెప్పి సస్పెండయ్యారు. 2021 మేలో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాతి రాజకీయాల్లోకి నేను వెళ్లను. సరైన మాస్క్ అడిగిన మనిషి అడగడానికి భయపడే పరిస్థితి మళ్లీ రాకూడదని మాత్రం ఈ జిల్లా అధికారులుగా మీరు అందరికీ తెలిసేలా చెప్పాలి. ఫిర్యాదు చేసిన కార్మికుడి పేరు కాంట్రాక్టరుకు చేరని ఏర్పాటు ఒకటి కావాలి.

ఇప్పుడు ఎవరు ఏం చేయగలరో చెబుతాను. కలెక్టర్ గారూ, జిల్లాలో ప్రభుత్వ సొమ్ముతో కొనే ప్రతి మాస్కుకు ఇండెంటులో ప్రమాణం, తరగతి, వాడే పని రాయాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. తక్కువ ధర పద్ధతి మార్చమనడం లేదు. ఒకే ప్రమాణానికి సరిపోయేవాటి మధ్య తక్కువ ధర చూడమంటున్నాను. ఆర్డరులో "లాట్ నుంచి మేము తీసిన నమూనా పరీక్షలో ఫెయిలైతే మొత్తం వెనక్కి" అన్న షరతు ఉండాలి. నమూనా సరఫరాదారు తెచ్చి ఇచ్చేది కాకూడదు, గోడౌనుకు వచ్చిన పెట్టెల్లోంచి మీ మనిషి తీసినదై ఉండాలి. పెదగంట్యాడ వైపున్న మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల ప్రయోగశాలలు ఉన్నాయి, వారితో మాట్లాడండి. వస్త్ర పరీక్షలకు కోయంబత్తూరులోని వస్త్ర పరిశోధన సంస్థ సిట్రాకు ఎప్పటి నుంచో పేరుంది, 2020లో దేశం నలుమూలల నుంచి పీపీఈ నమూనాలు అక్కడికి వెళ్లాయి. వైద్య పరికరాలన్నీ 2020 ఏప్రిల్ 1 నుంచి ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి కాబట్టి, ఆసుపత్రులకు సర్జికల్ మాస్కులు సరఫరా చేసేవారి కాగితాలు అడిగే అధికారం ఔషధ నియంత్రణ సిబ్బందికి ఉంది.

కమిషనర్ గారూ, రోడ్లు ఊడ్చేవారికి, డంపింగ్ యార్డులో పనిచేసేవారికి వాల్వు ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2, ఐఎస్ 9473 గుర్తుతో ఇప్పించండి. తడిసినవాటిని మధ్యలో మార్చుకునేలా అదనంగా ఇప్పించండి. తడిసిన గుడ్డలోంచి ఊపిరి పీల్చడం కష్టం, మనిషి దాన్ని తీసేయడం సహజం. పంచే రోజు ముక్కు తీగ నొక్కడం, రెండు పట్టీలు తలకు ఎక్కడ వేయాలి, అరచేతులు అడ్డుపెట్టి ఊది కారుదల చూసుకోవడం మేస్త్రీలతో చేయించి చూపించండి. అరగంట చాలు.

ఆసుపత్రుల పెద్దలారా, ఆపరేషన్ థియేటరుకు ఐఎస్ 16289 మూడో తరగతి, రోగులకు, సహాయకులకు మొదటి తరగతి, క్షయ వార్డు, కఫం పరీక్షల గది, ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ గదులకు ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 అని విడదీసి రాయండి. అన్నీ ఒకే రకం కొంటే ఒకచోట డబ్బు వృథా, ఇంకోచోట రక్షణ లేదు. ఇలా విడదీస్తే మొత్తం ఖర్చు మీరు భయపడినంత పెరగదు, ఎందుకంటే ఖరీదైనవి అవసరమైన గదులకే వెళ్తాయి. పెట్టెలను రేకుల షెడ్డులో, మేడమీద గదిలో దాచకండి. మన ఊరి వేడికీ తేమకూ ఎలాస్టిక్ సాగిపోతుంది, వడపోత పొర దెబ్బతింటుంది. పెట్టె మీద గడువు తేదీ, నిల్వ ఉంచాల్సిన వేడి, తేమ పరిమితులు రాసి ఉంటాయి, చూడండి.

కాంట్రాక్టర్ అన్నలారా, మీలో చాలామంది ఇక్కడ కూలీలుగా మొదలుపెట్టి పైకి వచ్చినవారే. పని ఇచ్చిన కంపెనీ భద్రతా సామగ్రికి రేటులో డబ్బు కలిపే ఇస్తుంది. ఆ డబ్బుతో సరైనది కొనండి. కొన్న బిల్లు, లాట్ నంబరు, లైసెన్సు సంఖ్య, ఫిట్ టెస్ట్ చేసిన తేదీ ఒక కాగితం మీద రాసి, పనివాళ్లు హాజరు వేసుకునే చోట గోడకు అంటించండి. చదవగలిగినవాడు చదువుతాడు, చదవలేనివాడికి పక్కవాడు చదివి చెబుతాడు. గేటు దగ్గర భద్రతా తనిఖీకి వచ్చే అధికారులు మాస్క్ ఉందా లేదా అని చూసి వెళ్లిపోకుండా, ముందు ఆ కాగితాన్ని, తర్వాత మాస్క్ మీది అక్షరాలను చూడాలని వారిని కూడా కోరుతున్నాను.

ఇండెంటు నమూనా కావాలంటే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఇస్తాను. స్టోర్స్ సిబ్బందికి, మేస్త్రీలకు మాస్కులు చూడటం, ఫిట్ టెస్ట్ చేయడం నేర్పాలంటే పిలిచిన చోటికి వస్తాను, దానికి రుసుము ఏమీ వద్దు.

ఇట్లు,
భద్రతా విభాగం విశ్రాంత ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం